యూటా నాన్-రెసిడెంట్ గన్ పర్మిట్: కార్డుకి నాలుగు స్టార్లు, క్లాసుకి ఒకటిన్నర

ముందే చెప్పేస్తున్నాను. నేను ఉండేది న్యూజెర్సీలో, నా పర్సులో ఉన్నది యూటా రాష్ట్రం ఇచ్చిన కార్డు, ఆ యూటాలో నేను కాలు పెట్టింది ఒక్కసారే, అదీ సాల్ట్ లేక్ సిటీ ఎయిర్‌పోర్టులో ఫ్లైట్ మారడానికి రెండు గంటలు. ఇది విన్నవాళ్ళంతా మొదట అడిగేది ఒకటే, ఉండని చోట లైసెన్సు ఎలా ఇచ్చారు అని. ఇస్తారు. కన్సీల్డ్ క్యారీ పర్మిట్, అంటే చొక్కా కింద కనపడకుండా పిస్టల్ పెట్టుకుని తిరిగే అనుమతి, అమెరికాలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే ఇస్తుంది, దేశం మొత్తానికి పనికొచ్చేది ఏదీ లేదు. కొన్ని రాష్ట్రాలు మాత్రం తమ దగ్గర ఉండనివాళ్ళకి కూడా ఇస్తాయి. వాటిలో బాగా పేరున్నది యూటా, ఎంతగా అంటే అది ఇచ్చిన పర్మిట్లలో సగానికి పైగా బయటి రాష్ట్రాలవాళ్ళ దగ్గరే ఉన్నాయి.

నేను ఈ క్లాసు చేసింది 2021 అక్టోబర్‌లో. ఇన్నాళ్ళకి ఇప్పుడు రాయడానికి కారణం, ఈ మధ్య మా అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులో అదే తరహా క్లాసు ఫ్లయర్ మళ్ళీ తిరుగుతోంది, "ఒక్క కార్డు, ముప్ఫైకి పైగా రాష్ట్రాలు, నాలుగే గంటలు" అని, కింద ముగ్గురు మనవాళ్ళు అప్పుడే "ఐయామ్ ఇన్" అని పెట్టేశారు. వాళ్ళు డబ్బు కట్టేముందు ఇది చదివితే చాలు.

నాకు ఈ ఆలోచన ఎందుకొచ్చిందంటే, మన ఇళ్ళల్లో బంగారం ఉంటుందని దొంగలకి తెలుసు. ఇండియన్లు ఎక్కువగా ఉండే టౌన్లలో ఏటా శీతాకాలం, పెళ్ళిళ్ళ సీజన్ వచ్చేసరికి ఫలానా వాళ్ళింట్లో పడ్డారట అన్న వార్త ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. మా వెనక వీధిలో అలాంటిదే జరిగాక నాకు నిద్ర పట్టలేదు, గ్రీన్‌కార్డు కూడా అప్పటికే చేతికొచ్చింది, సరే అని టౌన్ పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి తుపాకీ కొనడానికి కావలసిన ఎఫ్‌పీఐడీ కార్డుకి, హ్యాండ్‌గన్ కొనుగోలు పర్మిట్‌కి అప్లై చేశాను. అప్పట్లో కార్డుకి 5 డాలర్లు, పర్మిట్‌కి 2 డాలర్లు. (2022 చివర్లో అవి 50, 25 అయ్యాయి.) పిస్టల్ కొన్నాను, సేఫ్ కొన్నాను. నిజానికి నా అవసరం అక్కడితో తీరిపోయింది, ఎందుకంటే సొంత ఇంట్లో తుపాకీ ఉంచుకోవడానికి ఏ క్యారీ పర్మిట్టూ అక్కర్లేదు. ఈ ముక్క నాకు క్లాసులో ఎవరూ చెప్పలేదు. చెబితే సగం కుర్చీలు ఖాళీ అయ్యేవి.

క్లాసు హైవే పక్కన ఒక హోటల్ మీటింగ్ హాల్లో. ఫీజు 150 డాలర్లు, వేలిముద్రలు, ఫొటో కలిపి. ఉదయం తొమ్మిదికని చెప్పి తొమ్మిదీ నలభైకి మొదలుపెట్టారు, ఒంటిగంటకి హాలు ఖాళీ చేయాలి కాబట్టి నాలుగు గంటల క్లాసు మూడుంపావు గంటల్లో అయిపోయింది, అందులోనూ ఇరవై నిమిషాలు మాస్టారు అమ్మే హోల్‌స్టర్ల (నడుముకి పిస్టల్ పెట్టుకునే తొడుగుల) గురించి. ఇరవై మందిమి ఉంటాం. కాఫీ దగ్గర తెలుగు వినిపించింది, చూస్తే మనవాళ్ళే నలుగురు, గుజరాతీ మోటెల్ ఓనర్లు ఇద్దరు, మిగతావాళ్ళు స్థానికులు. నేర్పే మాస్టారు యూటా సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్ట్రక్టరే, అందులో మోసం లేదు, మాట తీరు బాగుంటుంది, జోకులు బాగా వేస్తాడు, తుపాకీ పట్టుకునే పద్ధతి, ట్రిగ్గర్ మీద వేలు ఎప్పుడు పెట్టాలి, ఇంట్లో పిల్లలుంటే ఎలా భద్రపరచాలి, ఇవన్నీ శ్రద్ధగానే చెప్పాడు. ఆ భాగానికే నేనిచ్చే ఒకటిన్నర స్టార్.

తర్వాత మ్యాప్ స్లైడ్ వచ్చింది. అమెరికా మ్యాప్ మీద యూటా పర్మిట్ చెల్లే రాష్ట్రాలన్నీ ఆకుపచ్చ, చెల్లనివి బూడిద రంగు. ఆ ఆకుపచ్చ చూసి హాలంతా "వావ్" అన్నారు. నేను కళ్ళజోడు సర్దుకుని చూస్తే మేం కూర్చున్న న్యూజెర్సీ బూడిద, పైన న్యూయార్క్ బూడిద, కింద మేరీల్యాండ్ బూడిద. అంటే మేం రోజూ తిరిగే చోటంతా బూడిదే. చెయ్యెత్తి అడిగాను, సార్, ఈ కార్డుతో ఈ హాలు బయట పార్కింగ్‌లో నిలబడొచ్చా అని. ఆయన నవ్వి, "ఇక్కడ కాదు, ప్రయాణాలకి" అన్నాడు. న్యూజెర్సీ ఇంకే రాష్ట్రం పర్మిట్‌నీ ఒప్పుకోదు, ఒక్కదాన్ని కూడా. అది ఫ్లయర్ మీద ఉండాల్సిన మొదటి వాక్యం, అడిగితే తప్ప రాని జవాబు కాకూడదు. నా పక్కన కూర్చున్నాయన, గ్యాస్ స్టేషన్ నడుపుతాడట, "రాత్రిళ్ళు క్యాష్ తీసుకెళ్ళేటప్పుడు పెట్టుకుందామని వచ్చానండీ" అన్నాడు మెల్లగా. ఆయన వచ్చిన పనికి ఆ కార్డు ఆరోజు ఎందుకూ కొరగాదు. బ్రేక్‌లో డబ్బు వెనక్కి అడిగితే ఫ్లయర్ మీద చిన్న అక్షరాల్లో నో రిఫండ్స్ అని ఉందని చూపించారు. ఆ చిన్న అక్షరాల్లోనే ఇంకో లైనూ వెయ్యొచ్చుగా!

ఇది ఇంకా చిన్న విషయమే. అసలు నాకు మండింది తర్వాత జరిగిన దానికి.

మనవాళ్ళలో ఒక కుర్రాడు, పాతికేళ్ళుంటాయి, నన్ను అడిగాడు, "అన్నా, నేను హెచ్1బీ మీద ఉన్నాను, ఫర్వాలేదు కదా?" నాకు అప్పటికి సగమే తెలుసు, మాస్టారిని అడుగు తమ్ముడూ అన్నాను. అతను వెళ్ళి అడిగాడు. వచ్చిన జవాబు ఇది: "అప్లై చేసి చూడు, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో వాళ్ళే తేలుస్తారు." వీసా లాటరీలాగా, తగిలితే తగిలింది లేకపోతే లేదన్నట్టు. అది లాటరీ కాదు. నాన్-ఇమ్మిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద ఉన్నవాళ్ళు, అంటే హెచ్1బీ, హెచ్4, ఎఫ్1, ఎల్1, బీ2, వీళ్ళెవరూ తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టమే చెబుతోంది. వేట లైసెన్సు ఉన్నవాళ్ళకీ, ఇంకొన్ని ప్రత్యేక సందర్భాలకీ మినహాయింపులున్నాయి గానీ అవి లాయర్‌ని అడిగి నడవాల్సిన దారులు, హోటల్ హాల్లో మాట మీద నడిచేవి కావు. 2022 తర్వాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళు. ఇంకో మాట, వీకెండ్ ఫ్రెండ్స్‌తో షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి అద్దె పిస్టల్‌తో రెండు రౌండ్లు కాల్చి ఫొటో పెట్టడం కూడా చట్టం దృష్టిలో "దగ్గర ఉంచుకోవడం" కిందికే వస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో అలాంటి ఫొటోలు మన పిల్లలవి ఎన్ని చూశానో లెక్కలేదు.

గ్రీన్‌కార్డు ఉంటే కొనొచ్చు, పర్మిట్‌కి అప్లై చేయొచ్చు, నేను చేసింది అదే. అయినా మనం సిటిజన్లం కాదు. తుపాకీ కొనడం, దగ్గర పెట్టుకోవడం, తీసుకెళ్ళడం, వీటికి సంబంధించిన చట్టాన్ని అతిక్రమించి శిక్ష పడితే అదే దేశం నుంచి పంపించేయడానికి ఒక కారణం. పక్కింటి అమెరికన్ పొరపాటున వేరే రాష్ట్రంలోకి తుపాకీతో వెళితే ఆయన లాయర్ ఫీజు కడతాడు. మనం పొరపాటు చేస్తే పదేళ్ళు క్యూలో నిలబడి తెచ్చుకున్న కార్డు పోతుంది. ఇరవై మందిలో ఆరుగురు ఇండియన్లున్న క్లాసులో ఈ రెండు వాక్యాలు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆ కుర్రాడిని నేనే తర్వాత పార్కింగ్‌లో పట్టుకుని ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కనుక్కోమన్నాను. అప్లై చేయలేదని నెల తర్వాత మెసేజ్ పెట్టాడు. 150 డాలర్లు పోయాయి, పోతే పోయాయి.

క్లాసులో ఒక్క తూటా కూడా కాల్చలేదు. ఇది మాస్టారి తప్పు కాదు, యూటా నిబంధనల్లోనే కాల్చి చూపించే పరీక్ష లేదు. డమ్మీ తూటాలతో మ్యాగజైన్ నింపడం, తీయడం, పిస్టల్ ఖాళీగా ఉందో లేదో చూడడం, అంతే. మనలాంటి తీరికలేని ఉద్యోగస్తులకి ఇది సుఖంగానే ఉంటుంది కానీ, జన్మలో తుపాకీ ముట్టుకోనివాడు కూడా మధ్యాహ్నానికల్లా కోర్సు పూర్తి చేసిన సర్టిఫికెట్‌తో బయటికొస్తాడు, అది నాకు నచ్చలేదు. నాకే కాదు, నెవాడా, న్యూ మెక్సికో రాష్ట్రాలు ఒకప్పుడు యూటా పర్మిట్‌ని తమ జాబితాలోంచి తీసేసింది ఇలాంటి కారణంతోనే. ఆ దెబ్బకి యూటా 2011లో ఒక నిబంధన పెట్టింది: మీ సొంత రాష్ట్రం యూటా పర్మిట్‌ని గుర్తించేదైతే ముందు మీ రాష్ట్రం పర్మిట్ తెచ్చుకుని, దాని కాపీ జతచేస్తేనే మీకు ఇస్తారు. న్యూజెర్సీ ఎవరినీ గుర్తించదు కాబట్టి మనకి ఆ తలనొప్పి లేదు. ఎంత కఠినమైన రాష్ట్రంలో ఉంటే యూటా కార్డు అంత తేలిక, తమాషా కదూ.

ఇక అప్లికేషన్ సంగతి. ఇక్కడ మాత్రం ఫిర్యాదు చేయడానికి నాకేమీ దొరకలేదు. యూటాలో దీన్ని చూసేది బ్యూరో ఆఫ్ క్రిమినల్ ఐడెంటిఫికేషన్, అందరూ బీసీఐ అంటారు, ఆఫీసు టేలర్స్‌విల్‌లో ఉంది. ఫారం, దాని మీద ఇన్‌స్ట్రక్టర్ సంతకం, ముద్ర, పాస్‌పోర్టు తరహా కలర్ ఫొటో, డ్రైవింగ్ లైసెన్స్ కాపీ, వేలిముద్రల కార్డు, ఫీజు. నేను గ్రీన్‌కార్డు కాపీ కూడా పెట్టాను. ఫీజు వంద డాలర్లలోపే, యూటావాళ్ళకన్నా బయటివాళ్ళకి కాస్త ఎక్కువ. కోర్సు పూర్తయిన ఏడాదిలోపు అప్లై చేయాలి, వాళ్ళు 60 రోజుల్లో తేల్చాలి, ఇది చట్టంలో ఉన్న గడువు.

వేలిముద్రల దగ్గర నాకొక చిన్న గండం. క్లాసులో ఇరవై మందికీ ఒకే మనిషి, ఒకే ఇంకు ప్యాడ్, వెనక హోటల్ వాళ్ళు కుర్చీలు తీసేస్తున్నారు. నా ముద్రలు అలికేసినట్టు వచ్చాయి. ఇంటికొచ్చి చూస్తే కుడి చేతి బొటనవేలు గీతలే లేవు, నల్ల మచ్చ ఒకటుంది. పంపిస్తే తిరిగొస్తుందని మా ఆవిడ అంది, ఆవిడకి ఇమ్మిగ్రేషన్ బయోమెట్రిక్స్‌లో రెండుసార్లు అయింది ఆ అనుభవం, వంటింట్లో గిన్నెలు తోమే చేతులకి గీతలెక్కడుంటాయని ఆ అధికారిణితోనే అనేసింది అప్పట్లో. అందుకని మళ్ళీ 25 డాలర్లు పెట్టి బయట ఒక షాపులో వేయించాను. అక్కడ ఒక పెద్దావిడ చేతికి ముందు కొంచెం లోషన్ రాసి, తుడిచి, ఒక్కొక్క వేలూ గోరు అంచునుంచి గోరు అంచుదాకా దొర్లించి వేసింది, ఎంత బాగా వచ్చాయంటే ఫ్రేము కట్టించుకోవచ్చు. మీరూ క్లాసులో వేసిన ముద్రల్ని పంపేముందు వెలుతురులో ఒకసారి చూసుకోండి.

నవంబర్ మొదట్లో పంపాను, క్రిస్మస్‌కి ముందే కార్డు వచ్చేసింది. మధ్యలో ఒకసారి ఫోన్ చేస్తే మనిషి ఎత్తింది! పన్నెండు నిమిషాలు హోల్డ్‌లో ఉన్నానంతే. కార్డు 5 ఏళ్ళు చెల్లుతుంది, ప్లాస్టిక్, మీద ఫొటో. గవర్నమెంటు ఆఫీసు అంటే మనకి ఉన్న అభిప్రాయానికి ఇది పూర్తిగా వ్యతిరేకం, నాలుగు స్టార్లూ దీనికే. ఐదోది ఎందుకు ఇవ్వలేదంటే, కార్డు వచ్చాక దాన్ని వాడే చోటు వెతుక్కోవడం నా పని అయింది.

2022 వేసవిలో మా చెల్లి వాళ్ళు నార్త్ కరోలినాలో కేరీలో ఇల్లు కొనుక్కుని గృహప్రవేశానికి పిలిచారు. కార్లో వెళ్ళాలి, తొమ్మిది గంటలు. ఇదే కదా "ప్రయాణాలకి" అన్నది అనుకుని రెండు రాత్రులు కూర్చుని ఎక్సెల్ షీట్ చేశాను. నవ్వకండి, మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం. ఒక కాలమ్‌లో రాష్ట్రం, పక్కన యూటా కార్డు చెల్లుతుందా లేదా, చెల్లినా ఎక్కడెక్కడ కుదరదు, పోలీసు ఆపితే మనమే ముందు చెప్పాలా. బయలుదేరేచోటు న్యూజెర్సీ, చెల్లదు. డెలావేర్ జాబితాలో యూటా ఉంది. తర్వాత ఐ-95 హైవే మీద మేరీల్యాండ్, సుమారు నూట పది మైళ్ళు, చెల్లదు. వర్జీనియా అప్పటికి అన్ని రాష్ట్రాల పర్మిట్లూ ఒప్పుకునేది. నార్త్ కరోలినా కూడా ఒప్పుకుంటుంది, కానీ అక్కడ పోలీసు ఆపితే నా దగ్గర తుపాకీ ఉందని మనమే నోరు తెరిచి చెప్పాలి, అడిగేదాకా ఆగకూడదు.

చెల్లని రాష్ట్రాల గుండా దాటి వెళ్ళడానికి 1986 నాటి ఫెడరల్ చట్టం ఒకటి ఉంది, తూటాలు తీసేసి, తాళం వేసిన పెట్టెలో, చేతికి అందని చోట, అంటే డిక్కీలో, పెట్టుకుని వెళ్ళొచ్చు అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ చట్టం బయలుదేరిన చోటా చేరే చోటా రెండు దగ్గర్లా తుపాకీ పెట్టుకుని తిరిగే హక్కు ఉన్నవాడి గురించి మాట్లాడుతుంది. నాకు అప్పటికి న్యూజెర్సీ పర్మిట్ లేదు. పైగా దారిలో మేరీల్యాండ్ హౌస్ రెస్ట్ ఏరియా దగ్గర ఆగకుండా మా పిల్లలతో ఎవరైనా ప్రయాణం చేయగలరా, ఒకరికి బాత్రూమ్, ఒకరికి ఫ్రెంచ్ ఫ్రైస్. ఆగడం వేరు, దాటి వెళ్ళడం వేరు అని ఎవరైనా వాదిస్తే వినే ఓపిక, వాదించే డబ్బు నాకు లేవు.

ఇది భయపడి రాస్తున్నది కాదు. 2013లో ఫిలడెల్ఫియాలో ఉండే ఒక తల్లి, పెన్సిల్వేనియా పర్మిట్ ఉన్న మనిషి, వంతెన దాటి న్యూజెర్సీలోకి వచ్చింది, ట్రాఫిక్ స్టాప్‌లో పోలీసుకి తనే చెప్పింది నా దగ్గర పర్మిట్ ఉంది, తుపాకీ ఉంది అని. అరెస్టు చేశారు, కొన్నేళ్ళు జైల్లో ఉండాల్సిన కేసు అయింది, చివరికి 2015లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ క్షమాభిక్ష ఇచ్చాడు. పక్కపక్క రాష్ట్రాలు, మధ్యలో ఒక నది. ఆవిడ అమెరికన్ పౌరురాలు. నాకు గవర్నర్ వరకూ వెళ్ళే సీను లేదు. కేరీకి వెళ్ళిన రోజు పిస్టల్ మా బెడ్‌రూమ్ సేఫ్‌లోనే ఉంది, కార్డు మాత్రం పర్సులో ఊరంతా తిరిగొచ్చింది. ఎక్సెల్ షీట్ చూసి మా బావగారు మాత్రం చాలా మెచ్చుకున్నారు.

ఆ వేసవిలోనే, జూన్ 23న, సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. న్యూయార్క్ చట్టం మీద వేసిన కేసు అది, అందరూ బ్రూయెన్ తీర్పు అంటారు. తుపాకీ పెట్టుకుని తిరగడానికి నీకు ప్రత్యేకమైన అవసరం ఉందని రుజువు చేసుకో అని రాష్ట్రాలు అడగకూడదని ఆ తీర్పు. న్యూజెర్సీ అప్పటిదాకా అలాగే అడిగేది, మామూలు మనిషికి ఇక్కడ పర్మిట్ రావడమంటే కల్ల. తీర్పుతో ఆ తలుపు తెరుచుకుంది, డిసెంబర్‌కల్లా రాష్ట్రం కొత్త చట్టం చేసి ఫీజు 200 డాలర్లు చేసింది, పర్మిట్ చెల్లేది 2 ఏళ్ళే, కాల్చి చూపించే పరీక్ష ఉంటుంది, రక్తసంబంధం గానీ వియ్యం గానీ లేని నలుగురు, కనీసం మూడేళ్ళ పరిచయం ఉన్నవాళ్ళు, మీరు మంచివారని రాసివ్వాలి. నేను 2023లో తెచ్చుకున్నాను. ఆ నలుగుర్ని పట్టుకోవడమే నాకు అన్నింటికన్నా కష్టమైంది. నాకు మూడేళ్ళకి మించి తెలిసిన మనవాళ్ళలో సగం మంది "పోలీసులు ఫోన్ చేస్తారా? వద్దులే బావా, నా గ్రీన్‌కార్డు అప్లికేషన్ (ఐ-485) నడుస్తోంది" అన్నవాళ్ళే. చివరికి ఇద్దరు ఆఫీసు వాళ్ళు, ఒక పక్కింటాయన, మా అబ్బాయి క్రికెట్ కోచ్.

న్యూజెర్సీలో ఉండి న్యూజెర్సీలో తిరిగేవాడికి కావలసింది ఈ పర్మిట్. గ్యాస్ స్టేషన్ ఆయనకి కూడా ఇప్పుడు దారి ఉంది, ఫోన్ చేసి చెప్పాను. బయటి రాష్ట్రంలో ఉండి న్యూజెర్సీ వచ్చిపోయేవాళ్ళకీ ఇదే పర్మిట్, అప్లికేషన్ స్టేట్ పోలీస్‌కి పెట్టుకోవాలి, ఫీజులో తగ్గింపేమీ లేదు. డల్లాస్ నుంచి మా మిత్రుడొకడు టెక్సాస్ లైసెన్సు ఉంది కదా అని ఇక్కడికి తుపాకీతో వద్దామనుకున్నాడు. చెల్లదురా నాయనా అని ఎయిర్‌పోర్టు దాకా వెళ్ళకముందే ఆపాను. దీని తర్వాత పెన్సిల్వేనియాది కూడా తీసుకున్నాను, అక్కడ కౌంటీ షెరిఫ్ ఇస్తాడు, 20 డాలర్లు, 5 ఏళ్ళు. కాకపోతే బయటివాళ్ళకి సొంత రాష్ట్రం పర్మిట్ ముందు ఉండాలి. మూడు కార్డులు, మూడు గడువులు, పర్సు లావైంది.

ఫ్లోరిడా తీసుకోవచ్చు కదా అని కొందరు అడుగుతున్నారు. ఫ్లోరిడాలో ఈ లైసెన్సు ఇచ్చేది వ్యవసాయ శాఖ, నిజంగానే, అగ్రికల్చర్ డిపార్ట్‌మెంట్. మనూళ్ళో ఎరువుల పర్మిట్‌లాగా. అది 7 ఏళ్ళు చెల్లుతుంది, శిక్షణలో తుపాకీ కాల్చాలి, నా మటుకు అదే మంచిది. సిటిజన్లకి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకి ఇస్తారు. యూటాకి దీనికి ఏది మేలన్నది మీరు ఎటు ప్రయాణిస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇంకో సంగతి, 2024 నాటికి 29 రాష్ట్రాలు పర్మిట్ లేకుండానే తుపాకీ పెట్టుకు తిరగనిస్తున్నాయి, టెక్సాస్ 2021 సెప్టెంబర్ నుంచి, యూటా కూడా అదే ఏడాది మే నుంచి. కాబట్టి ఆ ఆకుపచ్చ మ్యాప్‌లో చాలా భాగం కార్డు వల్ల ఆకుపచ్చ కాదు, ఏ కార్డూ లేకున్నా ఆకుపచ్చే. ఇదీ ఫ్లయర్ మీద ఉండదు. అలాంటి రాష్ట్రాల్లో కూడా స్కూలుకి వెయ్యి అడుగుల్లోపు ఫెడరల్ నిషేధం ఉంది, ఆ స్కూలున్న రాష్ట్రమే ఇచ్చిన పర్మిట్ ఉంటేనే దాని నుంచి మినహాయింపు, యూటా కార్డు యూటా స్కూళ్ళ దగ్గర మాత్రమే కాపాడుతుంది. పోస్టాఫీసులో ఏ కార్డూ పనిచేయదు.

క్లాసులో మనవాళ్ళలో ఒకాయన బ్రిడ్జ్‌వాటర్ గుడికి తీసుకెళ్ళొచ్చా అని అడిగాడు, మాస్టారు "గేటు దగ్గర బోర్డు చూసుకో" అన్నాడు. అసలు న్యూజెర్సీలోనే ఆ కార్డు చెల్లదని అయిదు నిమిషాల ముందే ఒప్పుకున్న మనిషి! అలవాటైన జవాబు అలా వచ్చేసిందనుకుంటా. నాకైతే దర్శనానికి వెళ్ళేటప్పుడు నడుముకి బెల్టే బరువు.

మొత్తం ఖర్చు లెక్క వేస్తే క్లాసు 150, రెండోసారి వేలిముద్రలు 25, ఫీజు, పోస్టేజీ కలిపి మూడువందల లోపు. కార్డు తీసుకున్నాక ఇన్నేళ్ళలో దాన్ని నిజంగా వాడింది రెండు ప్రయాణాల్లో, అదీ న్యూజెర్సీ పర్మిట్ వచ్చాక, మేరీల్యాండ్ మొదలయ్యేముందే ఆగి, తూటాలు తీసి పెట్టెలో పెట్టి తాళం వేసి, వర్జీనియాలో మళ్ళీ ఆగి. న్యూజెర్సీకి పక్క రాష్ట్రాలతో తప్ప పనిలేనివాళ్ళు యూటా జోలికి పోవద్దు, ఆ డబ్బు ఇక్కడి పర్మిట్‌కి పెట్టండి. దక్షిణాదికి తరచుగా కార్లో వెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది, బయలుదేరేముందు రోజు ఆయా రాష్ట్రాల అటార్నీ జనరల్ గానీ స్టేట్ పోలీస్ గానీ పెట్టిన జాబితా చూసుకోవాలి, క్లాసులో ఇచ్చిన జిరాక్స్ కాదు. వీసా మీద ఉన్నవాళ్ళు ముందు లాయర్‌ని అడగకుండా ఏ క్లాసుకీ డబ్బు కట్టొద్దు. నా కార్డు 2026 డిసెంబర్‌లో రెన్యువల్, దానికి మళ్ళీ క్లాసు అక్కర్లేదు, చేయిస్తాను.

ఒకటి మర్చిపోయాను, ఇది రేంజ్‌కి వెళ్ళే ప్రతివాళ్ళకీ. మొన్న ఇండియా ప్రయాణానికి సర్దుతుంటే మా ఆవిడ అటక మీంచి నల్ల బ్యాక్‌ప్యాక్ దించింది, పిల్లల బట్టలు పెడదామని. అడుగున జిప్ అర తెరిచి, "ఏమండీ, ఇదేంటి?" అంది. నైన్ ఎంఎం తూటా, కాల్చనిది, ఒక్కటే. రెండేళ్ళ కిందట రేంజ్‌లో జారిపోయి ఉంటుంది. అమెరికా ఎయిర్‌పోర్టుల్లోనే 2023లో సెక్యూరిటీ దగ్గర 6,737 తుపాకులు పట్టుకున్నారు, చాలావరకు మర్చిపోయామండీ అన్నవాళ్ళవే, జరిమానా కట్టి బయటపడతారు చాలామంది. శంషాబాద్‌లో తూటా దొరికితే అది మన ఆయుధాల చట్టం, 1959 కింద కేసు, అమెరికాలో నా దగ్గర మూడు పర్మిట్లున్నాయంటే అక్కడ వినేవాడుండడు. ఆ బ్యాక్‌ప్యాక్ ఇప్పుడు గరాజ్‌లో మేకుకి వేలాడుతోంది, దాని మీద మా ఆవిడ తెల్ల పెయింట్‌తో పెద్ద అక్షరాలతో "రేంజ్" అని రాసింది, కింద చిన్నగా "ముట్టుకోవద్దు" అని కూడా.